పాత మోటార్ సైకిల్: ఉన్నదాన్ని బాగుచేయాలా, కొత్తది బిగించాలా?

ముప్పై నలభై ఏళ్లు నడిచిన మోటార్ సైకిల్‌ను ఇంట్లోనే విప్పి బాగుచేసుకోవాలని కూర్చున్నవారికి స్పానర్ చేతబట్టకముందే ఒక ప్రశ్న ఎదురవుతుంది. దాదాపు ప్రతి భాగానికీ రెండు దారులున్నాయి. ఉన్నదాన్ని విప్పి, కడిగి, అరిగిన ముక్కను మాత్రం మార్చి మళ్లీ బిగించుకోవచ్చు. లేదా దాన్ని పక్కన పెట్టి ఈ కాలపు భాగాన్ని తెచ్చి పెట్టుకోవచ్చు. ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించడానికి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే స్విచ్చు లాంటి పాయింట్లు ఉంచాలా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు మారాలా. పాత కార్బురేటర్‌తోనే సరిపెట్టుకోవాలా, కొత్తది తేవాలా. డ్రమ్ బ్రేకును నమ్మవచ్చా, డిస్క్ వేయించాలా అనే తర్జనభర్జనలోనే చాలామందికి నెలలు గడిచిపోతాయి.

నేను ఇన్నేళ్లుగా వాడుతున్న కొలబద్ద ఒక్కటే. ఆ భాగం కొత్తగా ఉన్న రోజున తన పనిని సరిగా చేసిందా అని అడుగుతాను. చేసి ఉంటే ఇప్పటి లోపానికి కారణం అరుగుదలో, మురికో, తుప్పో అయి ఉంటుంది. దానికి మరమ్మతు చాలు. కొత్తగా ఉన్నప్పుడే అరకొరగా పనిచేసిన భాగమైతే మనం ఎంత శ్రద్ధగా బాగుచేసినా ఆ అరకొర పనితనమే తిరిగి వస్తుంది కాబట్టి, అక్కడ మార్పు మీద ఖర్చు పెట్టడం సబబు.

ఈ సంగతి నాకు ఒక పాత రెండు సిలిండర్ల బండి నేర్పింది. ఇరవై నిమిషాలు నడిచాక అది తడబడేది, ఒక్కోసారి ఆగిపోయేది. తప్పు పాయింట్లదేనని తీర్మానించుకుని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బిగించాను. తడబాటు తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది. చివరికి మల్టీమీటర్ తీసి చూస్తే బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులున్నాయి, నిప్పురవ్వకు కావలసిన ఎక్కువ వోల్టేజిని తయారుచేసే ఇగ్నిషన్ కాయిల్ దగ్గర 10.9 మాత్రమే ఉన్నాయి. మీటరును అలాగే ఉంచి హ్యాండిల్‌ను మెల్లగా ఎడమకు తిప్పితే అంకె ఇంకా కిందికి జారింది. హెడ్‌లైట్ వెనుక మెడ దగ్గర మలుపు తిరిగే తీగ పైతొడుగు చెక్కుచెదరలేదు. దాన్ని కోసి చూస్తే లోపల రాగి పోగులు ఐదారు తప్ప అన్నీ తెగిపోయి పచ్చబారి ఉన్నాయి. జానెడు తీగతో పోయే జబ్బుకు నేను మొత్తం ఇగ్నిషన్‌నే మార్చాను. చాలా ఎలక్ట్రానిక్ పెట్టెలు తక్కువ వోల్టేజిని పాయింట్లంతగా ఓర్చుకోలేవు కాబట్టే మార్చాక తడబాటు పెరిగింది.

అందువల్ల ఏ భాగాన్ని ఎంచుకోవాలన్నా ముందు రెండు కొలతలు తీసుకోమని చెబుతాను. మొదటిది వోల్టేజి నష్టం. ఇగ్నిషన్ వేసి, పాయింట్లు మూసుకుని ఉన్న స్థితిలో బ్యాటరీ ప్లస్‌కూ కాయిల్‌కు కరెంటు వచ్చే కొనకూ మధ్య మీటరు పెట్టాలి. అర వోల్టు మించి కనిపిస్తే స్విచ్చులోనో, ఫ్యూజు దగ్గరో, తీగలోనో నష్టం జరుగుతున్నట్టు. ఇంజనుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కూడా ఇలాగే చూడాలి, ఎందుకంటే రంగు పూసిన ఫ్రేము మీద బిగించిన ఎర్త్ తీగ పాత బండ్లలో తరచూ మోసం చేస్తుంది. రెండోది కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి ముల్లు ఇక పైకి పోనంతవరకు కిక్ కొట్టి అంకె రాసుకోవాలి. తర్వాత ప్లగ్ రంధ్రంలో ఒక చెంచాడు నూనె పోసి మళ్లీ కొలవాలి. అంకె బాగా పెరిగితే రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగింది. పెరగకపోతే వాల్వుల వైపో, హెడ్ గాస్కెట్ వైపో చూడాలి. కంప్రెషన్ లేని ఇంజనుకు కొత్త కార్బురేటర్ పెట్టి సరిచేయాలని చూస్తే డబ్బు పోతుంది, రోజులూ పోతాయి.

పాయింట్లా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషనా

పాయింట్ల మీద ఉన్న చెడ్డపేరులో సగం, వాటి మధ్య నిప్పురవ్వలను అణిచే కండెన్సర్‌కు చెందవలసింది. చీకట్లో కవరు తీసి ఇంజను నడుపుతూ చూడండి. పాయింట్ల మధ్య నీలిరంగు నిప్పురవ్వలు ధారాళంగా రాలుతుంటే, పాయింటు ముఖం మీద ఒకవైపు గుంట, రెండోవైపు గుట్ట ఏర్పడి ఉంటే కండెన్సర్ పని అయిపోయినట్టే. దాని విలువ సాధారణంగా 0.2 మైక్రోఫారడ్ ప్రాంతంలో ఉంటుంది. ఇంజను వేడికి దగ్గరగా బిగించడం వల్ల అది త్వరగా పాడవుతుంది కాబట్టి, కొత్త కండెన్సర్‌ను ట్యాంకు కింద చల్లగా ఉండే చోటికి మార్చడం అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే పని. ఇక పాయింట్ల ఎడం చాలా బండ్లలో 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. క్యామ్ మీద రాసుకునే ఫైబర్ మడమ అరిగేకొద్దీ ఆ ఎడం తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్, అంటే ప్లగ్‌లో నిప్పురవ్వ పడే క్షణం, వెనకబడుతుంది. మడమ దగ్గర ఒక చుక్క గ్రీజు ఉంటే ఈ అరుగుదల చాలా నెమ్మదిస్తుంది.

అయితే పాయింట్ల పలక వెనుక ఉండే, ఇంజను వేగం పెరిగేకొద్దీ టైమింగ్‌ను ముందుకు జరిపే ఆటోమేటిక్ అడ్వాన్స్ యంత్రాంగాన్ని చూడకుండా నిర్ణయం తీసుకోకూడదు. అందులోని చిన్న స్ప్రింగులు సాగిపోతే ఐడిలింగ్ (థ్రాటిల్ వదిలినప్పటి ఇంజను నడక) నిలకడగా ఉండదు; బరువుల ఇరుసులు అరిగితే నిప్పురవ్వ పడినప్పుడల్లా మెరిసే స్ట్రోబ్ దీపం కింద టైమింగ్ గుర్తు ఒకచోట నిలవకుండా ఊగుతుంది. రెండు జతల పాయింట్లున్న బండిలో ఒక సిలిండర్ టైమింగ్ కుదిరితే రెండోది రెండు మూడు డిగ్రీలు తప్పడం మామూలే. స్ప్రింగులూ ఇరుసులూ బాగుండి గుర్తు స్థిరంగా నిలుస్తుంటే నేను పాయింట్లనే ఉంచుతాను. గుర్తు ఊగుతుంటే, ఆ యంత్రాంగానికి మంచి ముక్కలు దొరకకపోతే, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వైపు మొగ్గుతాను. అప్పుడది నిజంగా లోపాన్ని తీరుస్తుంది.

ఎలక్ట్రానిక్ పెట్టెలో అరిగేది ఏమీ లేదు, ఒకసారి కుదిర్చిన టైమింగ్ కదలదు, చల్లటి ఇంజను సులువుగా అందుకుంటుంది. అది పాడైనప్పుడు మాత్రం ముందస్తు సూచన ఇవ్వకుండా ఒక్కసారిగా పాడవుతుంది, దారిలో చేయగలిగిందేమీ ఉండదు. పాయింట్లయితే అట్టముక్కతో తుడిచి, గోటి మందంతో ఎడం సరిపెట్టుకుని ఇంటికి చేరవచ్చు. సాయం దొరకని దూరాలకు ఒంటరిగా వెళ్లేవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మార్చాలని నిర్ణయించుకుంటే ఆ పెట్టె ఎన్ని ఓముల కాయిల్ కోరుతుందో చూసి కాయిల్‌ను జతపరచాలి. ప్లగ్ క్యాపులు కూడా సాధారణంగా 5 కిలోఓముల నిరోధం ఉన్నవి కావాలి. ఈ రెండింటినీ పట్టించుకోకపోవడం వల్లే కొత్త పెట్టెలు చాలావరకు కాలిపోతుంటాయి.

అయస్కాంతంతో తన కరెంటు తానే పుట్టించుకునే మాగ్నెటో ఉన్న బండి లెక్క వేరు. దానికి బ్యాటరీతో పని లేదు, అదే దాని గొప్పతనం. ఇంజను చల్లగా ఉన్నప్పుడు చక్కగా అందుకుని, వేడెక్కాక ఆపితే మళ్లీ అందుకోకపోవడం మాగ్నెటో జబ్బుకు తొలి గుర్తు. లోపలి కండెన్సర్, చుట్ట మీది పాత పూత వేడికి తట్టుకోలేకపోవడం అందుకు కారణం. చుట్ట తిరిగి చుట్టించడం, అయస్కాంతానికి బలం ఎక్కించడం అనుభవజ్ఞులు చేయవలసిన పనులు. ఒకసారి సరిగా చేయిస్తే దశాబ్దాలు పనిచేస్తుంది కాబట్టి నేను మాగ్నెటోను తీసేయమని ఎవరికీ చెప్పను.

ఆరు వోల్టులా, పన్నెండా

నా కొలబద్ద ప్రకారం మార్పుకే ఓటు వేయవలసిన చోటు ఇది, ఎందుకంటే ఆరు వోల్టుల దీపాలు కొత్తగా ఉన్నప్పుడు కూడా రాత్రి ప్రయాణానికి చాలీచాలని వెలుగే ఇచ్చాయి. లెక్క చూడండి. 30 వాట్ల బల్బు ఆరు వోల్టుల వద్ద 5 ఆంపియర్లు లాగుతుంది, పన్నెండు వద్ద 2.5 మాత్రమే. తీగల్లో అర వోల్టు పోయిందనుకుంటే ఆరులో అది పన్నెండో వంతు. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజితో సమానంగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. ఆ పన్నెండో వంతు నష్టానికి దాదాపు నాలుగో వంతు వెలుగు మాయమవుతుంది. అవే తీగల్లో పన్నెండు వోల్టులు పంపితే కరెంటు సగమై నష్టం పావు వోల్టుకు దిగుతుంది, వెలుగులో తగ్గేది ఏడు శాతం దగ్గర ఉంటుంది.

ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఉన్న బండిలో ఈ మార్పు అనుకున్నంత కష్టం కాదు. ఆల్టర్నేటర్ వేగం పెరిగేకొద్దీ వోల్టేజిని పెంచుకుంటూ పోతుంది, దాన్ని ఆరు దగ్గరో పన్నెండు దగ్గరో ఆపేది రెగ్యులేటర్. అందుకే చాలా బండ్లలో స్టేటర్‌ను (ఆల్టర్నేటర్‌లో కదలని తీగచుట్టలను) అలాగే ఉంచి రెగ్యులేటర్ రెక్టిఫయర్‌ను, బ్యాటరీని, బల్బులను, హారన్‌ను, కాయిల్‌ను, ఇండికేటర్లుంటే వాటి ఫ్లాషర్‌ను మార్చితే సరిపోతుంది. డైనమో ఉన్న బండిలోనూ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌తో పన్నెండు వోల్టులు రాబట్టవచ్చు. అయితే ఛార్జింగ్ మొదలవడానికి ఇంజను ఇంకాస్త వేగంగా తిరగాలి. నిదానంగా ఊళ్లోనే తిరిగే బండికి ఇది ఇబ్బందే.

బల్బు ఎంపికలో ఆశకు పోకూడదు. 60/55 వాట్ల హాలోజన్ బల్బు పెడితే వెలుగు బాగుంటుంది గాని దాని ఆకలిని పాత ఆల్టర్నేటర్ తీర్చగలదా అన్నది లెక్క వేసుకోవాలి. హెడ్‌లైట్, వెనుక దీపం, బ్రేక్ దీపం, వాటితోపాటు ఇగ్నిషన్ కాయిల్ తీసుకునేది కూడా కలిపి, ఆ మొత్తం ఆల్టర్నేటర్ ఇచ్చేదానికి లోబడి ఉండేలా చూడాలి. వెనుక దీపానికీ బ్రేక్ దీపానికీ ఎల్‌ఈడీ పెట్టడం నిస్సందేహంగా లాభం. కరెంటు ఆదా అవుతుంది, ఫిలమెంటు అదురుకు తెగిపోయే బెడద తప్పుతుంది. హెడ్‌లైట్‌లో మాత్రం జాగ్రత్త అవసరం. పాత రిఫ్లెక్టర్‌ను ఫిలమెంటు ఉండే కచ్చితమైన స్థానానికి తగ్గట్టు మలిచారు. ఎల్‌ఈడీ చిప్ ఆ స్థానంలో లేకపోతే వెలుగు ఎంత ఉన్నా చెదిరిపోయి ఎదుటివారి కళ్లలో పడుతుంది. గోడకు ఎదురుగా నిలిపి డిమ్ వెలుగు పైఅంచు స్పష్టంగా ఉందో లేదో చూసుకోనిదే దాన్ని రోడ్డెక్కించవద్దు.

ఒక హెచ్చరిక. పాత బ్రిటిష్ బండ్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ కొనే ఎర్త్‌గా ఉంటుంది, లూకాస్ కంపెనీ వైరింగ్‌లో ఎర్రతీగే ఎర్త్. అది తెలియక బ్యాటరీని మామూలు అలవాటు కొద్దీ మైనస్ ఎర్త్‌గా కలిపితే కొత్త రెగ్యులేటర్, ఇగ్నిషన్ పెట్టె రెప్పపాటులో పోతాయి. మార్పు పూర్తయ్యాక ఇంజను వేగం పెంచి బ్యాటరీ కొనల దగ్గర కొలిస్తే 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య రావాలి. లిథియం బ్యాటరీ తేలికగా ఉంటుంది గాని పాత జీనర్ డయోడ్ (ఎక్కువైన వోల్టేజిని వేడిగా ఖర్చుచేసే భాగం) నియంత్రణతో దానికి పొసగదు. మంచి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ లేనిచోట ద్రవం పోసే బ్యాటరీయో, ద్రవం గాజు పీచులో ఇమిడి ఉండే ఏజీఎం రకమో క్షేమం.

కార్బురేటర్

ఇక్కడ మరమ్మతుకే మొదటి తాంబూలం. చాలాకాలం నడపకుండా నిలిచిపోయిన బండిలో ఇబ్బంది పెట్టేది చాలావరకు, ఐడిలింగ్‌కు పెట్రోలు అందించే సన్నటి పైలట్ మార్గంలో గట్టిపడిన పెట్రోలు. 1967లో వచ్చిన బ్రిటిష్ ఆమల్ కంపెనీ కాన్‌సెంట్రిక్ కార్బురేటర్లలో చాలావాటికి పైలట్ జెట్ బాడీ లోపలే బిగిసి ఉంటుంది, దాని రంధ్రం సుమారు 0.4 మిల్లీమీటర్లు, పైపైన కడిగితే అక్కడి మకిలి కదలదు. అదే మందం సన్నని డ్రిల్ బిట్‌ను వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ శుభ్రం చేయాలి. ఆ రంధ్రంలోంచి స్ప్రే సన్నటి ధారగా రెండో వైపు పడటం కంటితో చూశాకే పని అయిందని అనుకోండి.

థ్రాటిల్‌తో పైకీ కిందికీ కదిలే స్లైడూ, బాడీ రెండూ జింక్ మిశ్రమంతో చేసిన కార్బురేటర్లలో మాత్రం కడగడంతో పోని జబ్బు ఒకటుంది. ఒకే రకం లోహాలు రాసుకుని స్లైడ్ వదులవుతుంది, పక్కల నుంచి గాలి చొరబడుతుంది, ఐడిలింగ్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అవుతుంది. స్లైడ్‌ను మూసి వేలితో ముందుకూ వెనక్కూ కదిపితే టకటకమని చప్పుడు వస్తే జెట్లు మార్చి ప్రయోజనం లేదు. అప్పుడు నా ఎంపిక అదే నమూనా కొత్త కార్బురేటర్, అందులోనూ గట్టి ఆనొడైజింగ్ చేసిన అల్యూమినియం స్లైడ్ ఉన్నది. పాత ఎయిర్ ఫిల్టర్, కేబుల్, ఇన్‌లెట్ అన్నీ కుదురుతాయి, జెట్ల అంకెలు పుస్తకంలో ఉన్నవే పనిచేస్తాయి. వేరే నమూనా, ఉదాహరణకు జపాన్ కంపెనీ మికునిది, బాగా నడుస్తుంది. కానీ మెయిన్ జెట్, నీడిల్, పైలట్ అన్నీ మీరే వెతుక్కోవాలి. ప్లగ్ రంగు చూసి జెట్ ఎంచుకోవడం మీకు ఇష్టమైన పని అయితేనే ఆ దారి పట్టండి.

జపాన్ బండ్లలో కనిపించే వాక్యూమ్ కార్బురేటర్లకు పల్చటి రబ్బరు డయాఫ్రం ఉంటుంది. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని సాగదీస్తే సూదిమొనంత చిల్లు కూడా కనబడుతుంది. ఈ బండ్లలో ఎయిర్ బాక్స్ తీసేసి కోన్ ఫిల్టర్లు పెట్టడం చాలామంది మెరుగుదలగా భావిస్తారు. నేను దానికి వ్యతిరేకం, ఎందుకంటే ఆ కార్బురేటర్‌లోకి పోయే గాలి నిలకడ ఎయిర్ బాక్స్ వల్లే వస్తుంది, అది లేకపోతే మధ్య వేగాల్లో పెట్రోలు పలచబడి తడబాటు మొదలవుతుంది.

డ్రమ్మా, డిస్కా

1969లో హోండా సీబీ750 ముందు చక్రానికి డిస్క్‌తో వచ్చాక డ్రమ్ బ్రేకు పాతబడిపోయిందన్న అభిప్రాయం స్థిరపడింది. బరువైన, వేగమైన బండికి, కొండదారులు దిగవలసినవారికి అది నిజమే. వేడెక్కితే డ్రమ్ పట్టు తగ్గుతుంది. కానీ నేను చూసిన బలహీనమైన డ్రమ్ బ్రేకుల్లో చాలావరకు సరిగా అమర్చని బ్రేకులే. కొత్త లైనింగ్ వేశాక షూల వంపు డ్రమ్ వంపుతో కలవకపోతే షూ ఒక అంచున మాత్రమే అంటుకుంటుంది. షూలను వాటి ప్లేటు మీదే బిగించి లేత్ మీద డ్రమ్ కొలతకు తిప్పిస్తే షూ అంతా ఒకేసారి తాకుతుంది. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు హబ్ మీది లివరుకూ కేబులుకూ మధ్య సుమారు లంబకోణం రావాలి. అది దాటిపోతే మీరు నొక్కే బలంలో కొంత వృథా. డ్రమ్ గుండ్రదనం తప్పి ఉంటే, చక్రాన్ని స్పోకులు బిగించాకే తిప్పించాలి, ఎందుకంటే స్పోకుల లాగుడుకే హబ్ కాస్త వంగుతుంది.

ఈ పనులన్నీ చేసి, కొత్త కేబులు వేసి, ఐదారు వందల కిలోమీటర్లు నడిపి లైనింగ్ కుదురుకున్నాక కూడా బ్రేకు చాలదనిపిస్తే అప్పుడు డిస్క్ గురించి ఆలోచించండి. ఒకవైపు డిస్క్ వేస్తే ఆ బలమంతా ఒక ఫోర్క్ కాలు మీదే పడుతుంది కాబట్టి సన్నటి పాత ఫోర్క్ మెలిపడవచ్చు. ఫోర్క్, హబ్, ఇరుసు అన్నీ ఆ డిస్క్‌తో పాటు వచ్చిన బండివే తీసుకోవడం ఉత్తమం. లివరు దగ్గర ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ వ్యాసం, డిస్క్‌ను పట్టే క్యాలిపర్‌కు సరిపోకపోతే లివర్ చెక్కలా గట్టిగానో, స్పాంజిలా మెత్తగానో ఉంటుంది. బ్రాకెట్‌ను ఇంట్లో వెల్డింగ్ చేసి తయారుచేసుకోవడం మాత్రం వద్దని గట్టిగా చెబుతాను.

పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ విప్పగానే కనిపించే నల్లటి పొడిని నోటితోగాని, గాలి పైపుతోగాని ఊదవద్దు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి, ముక్కుకు మంచి మాస్కు ఉండాలి.

ఇంజను లోపల, ట్యాంకు లోపల

ఇంజను విషయంలో ఎంపిక చాలావరకు కొలతలే చేస్తాయి. బోర్ పైభాగంలోనూ కిందిభాగంలోనూ కొలిచి, అరుగుదల పుస్తకం ఒప్పుకునే హద్దులో ఉంటే హోనింగ్ చేసి (లోపలి గోడను సన్నగా గరుకు చేసి) కొత్త రింగులు వేయవచ్చు. దాటితే ఓవర్‌సైజ్ పిస్టన్ తప్పదు. పిస్టన్ చేతికి వచ్చి కొలిచాకే బోర్ కొట్టించాలి. కంప్రెషన్ పెంచే పిస్టన్ల జోలికి పోవద్దనే నా సలహా. ఆ అదనపు బలాన్ని మోయవలసిన బేరింగులూ క్లచ్చూ పాతవే.

చేయదగ్గ మార్పు నూనె ఫిల్టర్. చాలా పాత ఇంజన్లలో రాళ్లను ఆపే ఇనుప జాలి తప్ప అసలైన ఫిల్టర్ లేదు. నూనెను వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంప్ బండిలో ట్యాంకుకు తిరిగివచ్చే నూనె పైపు మీద కార్ట్రిడ్జ్ ఫిల్టర్ అమర్చితే సన్నటి లోహపు పొడి అందులో చిక్కుకుంటుంది, ఇష్టం లేనప్పుడు గుర్తు మిగలకుండా తీసేయవచ్చు. పంపుకు నూనె వెళ్లే పైపు మీద దాన్ని ఎప్పుడూ పెట్టకూడదు, పంపుకు నూనె అందడం తగ్గుతుంది. ట్రయంఫ్ వంటి బండ్ల క్రాంక్ లోపల మడ్డి చేరే గొట్టం ఉంటుంది. ఇంజను ఒకసారి విప్పాక దాన్ని శుభ్రం చేయకుండా మూయవద్దు.

ట్యాంకులో తుప్పు పలచగా ఉంటే నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీరు ఒక రోజు నిలిపితే చాలు. తర్వాత చాకలి సోడా నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి, నూనె చిలకరించాలి, ఆలస్యమైతే కళ్లముందే మళ్లీ ఎర్రబడుతుంది. కరెంటుతో తుప్పు తీసే పద్ధతి మందపాటి తుప్పుకు బాగుంటుంది గాని స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడితే విషపూరితమైన క్రోమియం నీటిలోకి చేరుతుంది, మామూలు ఇనుమే వాడండి. లోపల సీలర్ పూయడాన్ని చిల్లులున్న ట్యాంకుకే పరిమితం చేయాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాతరకం సీలర్లు పొరలుగా ఊడి జెట్లను మూసేస్తాయి కాబట్టి, దాన్ని తట్టుకుంటుందని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. అదే కారణంగా పెట్రోలు పైపులు, ట్యాప్ వాషర్లు ఏవీ పాతవి ఉంచకూడదు.

టైర్ల విషయంలో తర్జనభర్జనకు తావు లేదు. పక్కన అచ్చువేసిన నాలుగంకెల సంఖ్య వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతుంది. మూడంకెలే ఉంటే ఆ టైరు 2000కు ముందుది, గాట్లు ఎంత లోతుగా ఉన్నా తీసేయాలి.

స్క్రూల గురించి ఒక మాట. జపాన్ బండ్ల మీద ప్లస్ గుర్తులా కనిపించే స్క్రూలు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకానివి, మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటి తలలను అరగదీస్తుంది. పాత బ్రిటిష్ బండ్లలో చాలావాటికి అప్పటి బ్రిటిష్ కొలతల విట్‌వర్త్ స్పానర్లు కావాలి, దగ్గరగా సరిపోయే మెట్రిక్ స్పానర్‌తో తిప్పితే నట్టు మూలలు పోతాయి. ఏ కొత్త భాగం కొనకముందూ సరైన పనిముట్లు కొనుక్కోవడం మంచిది.

ఇక రంగు. అసలు రంగు, అసలు గీతలు ఇంకా కనిపిస్తుంటే గీతలు పడ్డా, వెలిసినా వాటిని ఉంచేయమంటాను, ఎందుకంటే రంగు మళ్లీ ఎన్నిసార్లయినా వేయించుకోవచ్చు గాని ఫ్యాక్టరీలో వేసిన రంగు ఒకసారి తీసేస్తే తిరిగి రాదు. మార్చిన ప్రతి పాత భాగానికీ ఇదే మర్యాద దక్కాలి. పాయింట్ల పలకను తీసేముందు అది ఏ స్థానంలో ఉందో సూదితో గీత గీసి, నూనె రాసి, సంచిలో వేసి, ఏ బండిదో, ఎప్పుడు తీసిందో చీటీ రాసి పెట్టండి. నా ఎలక్ట్రానిక్ పెట్టె నాలుగో ఏట ఒక సాయంత్రం హఠాత్తుగా ఆగిపోయినప్పుడు, ఆ సంచిలోని పలకనే గీతకు సరిగా బిగించి, మర్నాడు ఉదయానికి బండిని మళ్లీ నడిపాను.